ప్రార్థించే ముందు ఒక్క మాట అడుగుదాం

ఈ నెల పాఠం ఫలానా జబ్బు గురించి కాక, జబ్బు కబురు గురించి వ్రాస్తున్నాము. రోగిని పరామర్శించటం, అతని కోసం ప్రార్థించటం మన సంఘాలకు ఉన్న మంచి అలవాటు. ఆ అలవాటే ఒక్కొక్కసారి రోగిని ఎలా గాయపరుస్తుందో మా వార్డులలో కళ్ళారా చూశాము గనుక వ్రాయవలసి వచ్చింది.

మగవారి వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. ముద్ద దిగటం లేదని వచ్చారు. గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాము. అన్నవాహికలో క్యాన్సరు అని తేలింది. ఫలితం వచ్చిన రోజు ఆయన కుమారులు డాక్టరు గారిని వరండాలో ఆపి, "నాన్నగారికి చెప్పవద్దండి, తట్టుకోలేరు" అని బ్రతిమాలారు. మేము సరేనన్నాము. లోపల పుండు పడిందని, మందులు వాడదామని ఆయనకు చెప్పాము. కుమారులు మాత్రం ఊరిలో పాస్టరు గారికి ఫోను చేసి ప్రార్థన చేయమన్నారు. ఆదివారం ఆరాధనలో ప్రకటించారు. మంగళవారం సాయంత్రం పన్నెండు మంది వ్యాను మాట్లాడుకొని వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, మంచం చుట్టూ నిలబడి పాట పాడారు. తరువాత ఒక సహోదరుడు గొంతెత్తి ప్రార్థిస్తూ, ఈ క్యాన్సరును వేళ్ళతో సహా పెరికివేయమని దేవుని వేడుకున్నాడు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. పెద్దాయన కళ్ళు మాత్రం తెరుచుకున్నాయి. వారు వెళ్ళిన తరువాత ఆయన తన భార్యను అడిగింది ఒక్కటే: "ఊరందరికీ తెలిసిన తరువాతనా నాకు తెలిసేది?"

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు గారు ఈ మాట మాకు చెప్పారు. ప్రార్థించిన సహోదరునిలో ప్రేమ తక్కువని మేము అనలేము. పని మానుకొని, బాడుగ పెట్టుకొని వచ్చిన మనిషి. అసలు తప్పు మొదట మాదే. ఆయన జబ్బు సంగతి ఆయనకంటే ముందు ఆయన కుమారులకు చెప్పింది మేమే. అప్పటినుండి మా డాక్టర్లు, "మీ పరీక్షల సంగతులు మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరైనా ప్రక్కన ఉండాలా?" అని రోగినే ముందుగా అడుగుతున్నారు. వివరాలు తెలుసుకోవటం ఇష్టం లేదని రోగే అంటే అది వేరు సంగతి. ఆ మాటైనా ఆయన నోటినుండి రావాలి.

(ఈ పాఠంలోని సంఘటనలలో వయస్సు, వృత్తి, మరికొన్ని వివరాలు మార్చాము. గుట్టు గురించి వ్రాస్తూ ఒకరి గుట్టు మేమే బయట పెట్టటం బాగుండదు కదా.)

లేఖనాలలో చూస్తే

రోగికి ప్రార్థన ఎలా చేయాలో చెప్పే వాక్యం ఏదని అడిగితే మనలో చాలామంది యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14వ వచనం చూపిస్తారు. పెద్దలు రావటం, నూనె రాయటం, ప్రార్థించటం మనకు బాగా గుర్తు. అంతకు ముందున్న సంగతిని మాత్రం తొందరలో దాటిపోతాము. పెద్దలను పిలిపించవలసింది ఎవరు? రోగి. పొరుగింటివారో, మేనమామో, ఆసుపత్రి బిల్లుల కౌంటరు దగ్గర చూసినవారో కాదు. జబ్బుపడినవాడు తన నోటితో తన అవసరం చెప్పుకోవటానికి ఆ వచనంలోనే చోటు ఉన్నది.

మార్కు సువార్తలో యేసుప్రభువు రోగులతో మెలగిన తీరు ఒకసారి వరుసగా చదవండి. 7వ అధ్యాయంలో చెవిటివాడైన నత్తివానిని జనసమూహంలో నుండి ప్రక్కకు తీసుకొనిపోయారు. 8వ అధ్యాయంలో గ్రుడ్డివాని చేయి పట్టుకొని ఊరి బయటకు నడిపించారు. 10వ అధ్యాయంలో బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉన్నది. అయినా నీకు ఏమి కావాలని ఆయన అతనినే అడిగారు. 5వ అధ్యాయంలో యాయీరు ఇంటికి వెళ్ళినప్పుడు ఏడ్చేవారినందరినీ బయటకు పంపివేసి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రం లోపలకు రానిచ్చారు. పిల్ల లేచిన తరువాత ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దని గట్టిగా చెప్పారు. ఆ వెంటనే, పిల్లకు తినటానికి ఏమైనా పెట్టమని కూడా చెప్పారు. కబురు వద్దన్న ప్రభువే అన్నం పెట్టమన్నారు. మనం చాలాసార్లు దీనిని తిరగవేస్తాము. కబురు ముందు పోతుంది, క్యారేజీ మాత్రం వెళ్ళదు.

అయితే అన్నీ చాటుగా జరగలేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు రోగిని ప్రభువు ఇంటినిండా జనం ఉండగానే బాగుచేశారు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి ఇంకా కష్టమైనది. చాటుగా ముట్టుకొని వెళ్ళిపోవాలనుకున్న ఆమెను ప్రభువు గుంపులో ఆపారు. దీని గురించి మా సిబ్బంది ఉదయకాల ప్రార్థనలో చాలాసేపు మాట్లాడుకున్నాము. గమనించవలసినది ఏమిటంటే, తనను ముట్టింది ఎవరని మాత్రమే ప్రభువు అడిగారు. ఆమె జబ్బు పేరు ఆయన చెప్పలేదు. వణుకుతూ వచ్చి తన సంగతంతా ఆమే చెప్పుకున్నది. ఆ కాలంలో అటువంటి స్త్రీని అపవిత్రురాలిగా ఎంచి దూరంగా పెట్టేవారు గనుక, అందరి ముందు "కుమారీ" అని పిలిచి ఆమెను మళ్ళీ మనుషులలో కలిపారని మేము అర్థం చేసుకున్నాము. ఎవరైనా తమంతట తాము లేచి సాక్ష్యం చెప్పుకుంటే అది సంఘానికి ఆశీర్వాదమే. వారి సాక్ష్యం మనం చెప్పటమే చిక్కు.

కబురు బయటపడితే పోయేదేమిటి?

"దాచుకోవటానికి ఏముంది, మనమంతా ఒక కుటుంబం కదా" అని కొందరు అంటారు. పోయేది ఏమిటో ఒక టీబీ రోగి సంగతి చెబుతాము. దర్జీ పని చేసుకునే యువకుడు. కళ్ళెలో టీబీ క్రిములు ఉన్నాయని తేలి మందులు మొదలుపెట్టాము. నెల తిరగకుండానే దగ్గు తగ్గి, బరువు పెరిగాడు. వాళ్ళ అక్క మంచి మనసుతో యవ్వనస్థుల కూడికలో ప్రార్థనాంశంగా చెప్పింది. అక్కడినుండి ఆ కబురు షాపు యజమాని చెవిన పడింది. ఇక రావద్దన్నాడు. అద్దె ఇంటివారు గ్లాసు వేరుగా పెట్టారు. ఆ అబ్బాయి ఇక మా మందుల కౌంటరు దగ్గర ఎవరికైనా కనబడితే ఏమవుతుందోనని భయపడి, రెండవ నెల మధ్యలో మందులు మానేశాడు. ఆరు నెలల తరువాత రక్తం కక్కుతూ వచ్చాడు.

టీబీ మందులు సాధారణంగా కనీసం 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే బ్రతికి మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉన్నది. అప్పుడు వైద్యం కష్టమవుతుంది, ఇంట్లో మిగిలినవారికీ ముప్పే. అదే సక్రమంగా మందులు వాడితే మొదటి రెండు మూడు వారాలలోనే ఇతరులకు అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది. టీబీ దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి ద్వారా వస్తుందే తప్ప గ్లాసుల వలన, కంచాల వలన, బట్టల వలన రాదు. అంటే, అందరికీ తెలిస్తే అందరూ జాగ్రత్తపడతారని కబురు చెప్పాము. తీరా ఆ కబురు వలననే మందులు ఆగి జబ్బు మళ్ళీ అంటుకునే స్థితికి వచ్చింది.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. టీబీ రోగుల వివరాలు ప్రభుత్వానికి తెలపాలని 2012 నుండి ప్రైవేటు, మిషను ఆసుపత్రులకు కూడా నియమం ఉన్నది. మేమూ తెలుపుతాము. రోగికి మందులు, పోషకాహారానికి డబ్బు అందటానికి, ఇంట్లోవారికి పరీక్షలు చేయటానికి అది అవసరం. ప్రభుత్వానికి తెలపటం వేరు, మైకులో చెప్పటం వేరు.

హెచ్ఐవి విషయంలో ఇది ఇంకా ఎక్కువ. 2000 దశాబ్దపు తొలి సంవత్సరాలలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. ప్రభుత్వం 2004లో ఉచితంగా ఏఆర్‌టి మందులు ఇవ్వటం మొదలుపెట్టింది. ఈ రోజు క్రమంగా మందులు వాడి రక్తంలో వైరస్ కనబడని స్థితికి చేరి, ఆ స్థితిలోనే కొనసాగేవారి నుండి లైంగికంగా మరొకరికి సోకదు. వారు పనిచేసుకొని, పిల్లలను పెంచుకొని చాలాకాలం జీవిస్తున్నారు. జబ్బు ఇంత మారినా జనం చూపు అంతగా మారలేదు. అందుకే సొంత ఊరి దగ్గర కేంద్రం ఉన్నా, ఎవరూ గుర్తుపట్టని దూరపు పట్టణానికి బస్సెక్కి వెళ్ళి మందులు తెచ్చుకునేవారు ఉన్నారు. బస్సు ఛార్జీలు లేని నెల మందులు ఆగిపోతాయి.

చిన్నదిగా కనబడే మరొకటి. పెళ్ళై ఏడెనిమిది ఏళ్ళయినా పిల్లలు లేని సహోదరి పేరు ప్రతి నెలా స్త్రీల కూడికలో చదువుతారు. "హన్నాకు ఇచ్చిన దేవుడు నీకూ ఇస్తాడమ్మా" అని తల మీద చేయి పెడతారు. పెట్టే చేయి ప్రేమగలదే. కాని లోపం ఆమెలోనే ఉన్నదని అందరూ తీర్మానించినట్లే కదా! పిల్లలు కలగకపోవటానికి కారణం భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలో ఉండవచ్చు. ఒక్కొక్కసారి పరీక్షలన్నీ బాగున్నా కారణం తెలియదు. అందుకే మేము దంపతులిద్దరినీ రమ్మంటాము. ఒక సహోదరి మాతో, "కూడికకు వెళ్ళటం మానేశానండీ, ఎవరి శ్రీమంతానికీ వెళ్ళటం లేదు" అన్నది. ప్రార్థనే ఆమెను ప్రార్థనకు దూరం చేసింది.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు వచ్చాక కబురుకు కాళ్ళే కాదు, రెక్కలు వచ్చాయి. ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మనిషి ఫోటో, స్కానింగు రిపోర్టు, ఐసియు మంచం నెంబరు గంటలో రెండు మూడు వందల మందికి చేరుతున్నాయి. రోగి బాగై ఇంటికి వెళ్ళినా ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. ఒక ఆడపిల్లకు పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఐదేళ్ళ నాటి ఫిట్స్ కబురు ఎవరి ఫోనులోనో మళ్ళీ లేస్తుంది. మనలో ఇది తెలియనివారు లేరు. 2020లో కోవిడ్ వచ్చిన ఇళ్ళ తలుపులకు కాగితాలు అంటించినప్పుడు ఎలా అనిపించిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలా అంటించనక్కర లేదని ఆ సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మేమూ ఈ విషయంలో నేర్చుకున్నవారమే. మా పత్రికలోనే ఒకప్పుడు బాగుపడినవారి ఫోటోలు, ఊరి పేరుతో సహా, జబ్బు పేరుతో సహా వేసేవాళ్ళము. వారు సంతోషంగానే ఒప్పుకున్నారని అనుకున్నాము. మంచం మీద ఉండి, తనకు వైద్యం చేసినవారు అడిగితే కాదనగలిగే రోగి ఎంతమంది? ఇప్పుడు ఇంటికి వెళ్ళి కొన్ని వారాలు గడిచిన తరువాతనే అడుగుతున్నాము. వద్దంటే మళ్ళీ అడగము.

చట్టం ఏమంటుంది?

దీని గురించి క్లుప్తంగా చెబుతాము. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరికి హెచ్ఐవి ఉన్న సంగతి, ఆ చట్టం చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, వారి సమ్మతి లేకుండా బయట పెట్టకూడదు. ఆ కారణంగా ఉద్యోగంలోనో, అద్దె ఇంటి విషయంలోనో వివక్ష చూపటాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది.

దాచకూడనివి

గుట్టు పేరుతో ప్రాణం పోనివ్వమని ఎవరూ చెప్పరు. చచ్చిపోవాలని ఉన్నదని ఒకరు మీతో చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంటే ఆ ఒట్టు నిలబెట్టుకోవద్దు. వారిని ఒంటరిగా విడవకుండా, వెంటనే ఇంట్లో నమ్మకమైన ఒకరికి, డాక్టరుకు తెలపండి. 14416 నెంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పసిపిల్లల మీద లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం ప్రతి ఒక్కరి మీద బాధ్యత పెట్టింది. సంఘం పరువు అని పెద్దలు కూర్చొని సర్దివేయటం కుదరదు. 1098కి కూడా ఫోను చేయవచ్చు. ఆ బిడ్డ పేరు మాత్రం మరెవరికీ తెలియకూడదు.

భర్తకు హెచ్ఐవి ఉండి భార్యకు చెప్పకపోతే? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. ముందుగా అతనికి కౌన్సిలింగ్ చేసి, తానే చెప్పేటట్లు ప్రయత్నిస్తాము. చెప్పడని రూఢి అయితే, ఆమెకు ప్రమాదం ఉన్నదని నమ్మితే, మేము చెప్పబోతున్నామని అతనికి తెలియజేసిన తరువాత చెప్పే అధికారాన్ని చట్టం డాక్టరుకు, కౌన్సిలరుకు మాత్రమే ఇచ్చింది. పాస్టరు గారికి గాని, అత్తగారికి గాని ఇవ్వలేదు. ప్రాణం కాపాడటానికి ఎవరికి తెలియాలో వారికే తెలిస్తే చాలు. ఇటువంటి చోట కూడా సంఘమంతటికీ తెలియవలసిన అవసరం మాకు ఒక్కటీ కనబడలేదు.

అలాగని వెళ్ళటం మానవద్దు

ఇదంతా చదివి, "ఎందుకొచ్చిన గొడవ, ఎవరి ఇంటికీ వెళ్ళకుండా ఉంటే పోతుంది" అని మీరు అనుకుంటే మా పాఠం చెడిపోయినట్లే. మాకు తెలిసిన ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారునికి మానసిక రోగం. "వాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందేమో" అని సంఘంలో ఎవరూ ఆ గడప తొక్కలేదు. రెండు సంవత్సరాలు! "కాలు విరిగి ఉంటే వచ్చి ఉండేవారు కదండీ" అన్నది ఆమె. గౌరవం పేరుతో వదిలివేయటం కూడా ఉన్నది. అది తేలిక గనుక ఎక్కువమంది దానినే ఎంచుకుంటారు.

యోబు స్నేహితులను మనం తిడతాము గాని, మొదటి ఏడు దినాలు వారు చేసింది చాలా మంచి పని. దూరం నుండి వచ్చి, నేల మీద అతనితో కూర్చొని, ఒక్క మాటా మాట్లాడలేదు. కారణాలు వెదకటం మొదలుపెట్టినప్పుడే చిక్కు వచ్చింది. మన పరామర్శలోనూ అంతే. "ఏమైంది? డాక్టరు ఏమన్నాడు? ఎన్నాళ్ళనుండి? ముందే చూపించుకోలేదా?" అని నాలుగు ప్రశ్నలు వరుసగా వేస్తాము. మంచానికి తగిలించిన కేసు షీటు ఎత్తి చదివేవారిని కూడా చూస్తుంటాము. (దయచేసి అది మాత్రం చేయవద్దు. మీకు అర్థం కాదు, రోగికి భయం పట్టుకుంటుంది.)

మరి ఏమి మాట్లాడాలి? కొన్ని మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము, మీ ఇంటి భాషలో మార్చుకోండి. "అక్కా, రేపు మధ్యాహ్నం అన్నం నేను తెస్తాను, పప్పు తినవచ్చా?" "తమ్ముడూ, ఆదివారం నీ గురించి ప్రార్థన చెప్పమంటావా, వద్దా? చెప్పమంటే ఏమని చెప్పమంటావు?" "పెదనాన్నగారూ, ఇక్కడ గట్టిగా ప్రార్థన చేయమంటారా, మనసులో చేసుకోమంటారా?" అడిగిన తరువాత కాస్త ఆగండి. వద్దంటే మొహం చిన్నబుచ్చుకోవద్దు. సరేనంటే వారు చెప్పిన మాటలే చెప్పండి, మీరు ఊహించినవి కలపవద్దు. ఒకరు చెప్పింది పాస్టరమ్మగారికైనా, మీ భర్తకైనా చెప్పే ముందు మళ్ళీ అడగండి.

పేరు, జబ్బు చెప్పకపోతే సంఘం ఎలా ప్రార్థిస్తుందని ఒక పెద్ద మనిషి మాతో వాదించారు. మనం అడగకముందే మన అక్కర తండ్రికి తెలుసని ప్రభువు కొండమీద ప్రసంగంలో చెప్పారు. "మన సహోదరి ఒకరు ఈ వారం కష్టంలో ఉన్నారు" అంటే దేవునికి ఇంటి అడ్రసు వెదుక్కోవలసిన పని లేదు. ఆ పెద్ద మనిషి నవ్వారు గాని, ఒప్పుకున్నారో లేదో తెలియదు.

మొదట చెప్పిన పెద్దాయన తరువాత నాలుగు నెలలు జీవించారు. నిజం తెలిసిన మరునాడే డాక్టరు గారిని పిలిపించి, ఎంతకాలం ఉంటానని, నొప్పి వస్తే ఏమి చేస్తారని అడిగారు. కుమారులను ప్రక్కన కూర్చోబెట్టుకొని పొలం కాగితాలు సరిచూసుకున్నారు. ప్రార్థించిన సహోదరుడు విషయం తెలిసి క్షమించమని అడగటానికి వచ్చాడు. ఆయన అతనిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, "ఇప్పుడు చెయ్యి ప్రార్థన. ఏం చెయ్యాలో నేను చెబుతాను" అన్నారట. ఆయన అడిగింది స్వస్థత కాదు. చిన్న కొడుకు, పెద్ద కొడుకు మాట్లాడుకోవాలని.

ఆ తరువాతనే మా చాపెలు గుమ్మం దగ్గర తాళం వేసిన ప్రార్థన పెట్టె పెట్టాము. చీటీలో పేరు వ్రాయటం, జబ్బు వ్రాయటం మీ ఇష్టం. "అందరికీ చెప్పవచ్చు", "చాప్లిన్ గారికి మాత్రమే" అని రెండు గళ్ళు ఉంటాయి. ఒకదానిలో టిక్కు పెట్టండి. ఏదీ పెట్టకపోతే రెండవదిగానే తీసుకుంటాము. వారం తరువాత చీటీలు చించివేస్తాము. గత నెల ఒక చీటీలో మంచం నెంబరు వ్రాసి, క్రింద "ఏమీ అడగకుండా వచ్చి కాసేపు కూర్చోండి" అని ఉన్నది. మా బైబిలు స్త్రీ ఆ సాయంత్రం వెళ్ళి దాదాపు గంటసేపు కూర్చొని వచ్చారు. అక్కడ ఏమి మాట్లాడుకున్నారో ఆమె మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.